గ్రేస్ నోట్లు అన్ని పార్టుల్లో ఒకే వరుసలో నిలవాలంటే: ఏ నోటేషన్ సాఫ్ట్‌వేర్ ఎవరికి?

రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో ఉన్న స్కోరు (అన్ని వాద్యాల సంగీతం ఒకే కాగితం మీద ఉన్న ప్రతి) ఒకటి తీసుకోండి. అయిదో బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) మొదట్లో మొదటి వయొలిన్‌కు రెండు గ్రేస్ నోట్లు, అంటే ప్రధాన స్వరానికి జతగా చిన్నగా రాసే అలంకార స్వరాలు, ఉన్నాయి. రెండో వయొలిన్‌కు ఒకటే ఉంది. వయోలాకూ ఒకటే గాని, దాని ముందు స్వరాన్ని అర మెట్టు తగ్గించే ఫ్లాట్ గుర్తు కూడా ఉంది. చెలోకు గ్రేస్ నోటే లేదు, సరిగ్గా అక్కడే దాని క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) మారుతోంది. చేత్తో రాసే లేఖకుడు దీన్ని పెద్దగా ఆలోచించకుండానే సర్దేస్తాడు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇక్కడే తడబడుతుంది. ఒక దానిలో గ్రేస్ నోట్లు మెట్లు మెట్లుగా పక్కకు జరుగుతాయి. ఇంకో దానిలో చెలో క్లెఫ్ బార్‌లైన్ దాటి అవతలికి వెళ్లి కూర్చుంటుంది. మరో దానిలో అంతా బాగానే ఉంటుంది గాని, వెల చూస్తే గుండె గుభేలుమంటుంది.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఏది ఉచితంగా దింపుకోవాలి అని అడిగేవారికి సాధారణంగా అందే జవాబు ధరల పట్టిక, లేదా ఎవరి అలవాటును వారు పొగుడుకోవడం. గ్రేస్ నోట్ల విషయంలో ఆ రెండూ పనికిరావు. గ్రేస్ నోటుకు ఆ సాఫ్ట్‌వేర్ కాలంలో సొంత చోటు ఇస్తుందా, లేక ప్రధాన స్వరానికి తగిలించిన అలంకారంగా మాత్రమే చూస్తుందా అన్నది మొదట చూడాలి. మీకు ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం ఆ ఒక్క తేడా నుంచే పుడతాయి.

అసలు వరుస కలపాలా?

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు ఒక మాట. ఒక్కో వాద్యకారుడి చేతికి వెళ్లే విడి పార్టులో ఈ సమస్య లేదు, ఎందుకంటే అక్కడ ఒక్క స్టాఫే (స్వరాలు రాసే అయిదు గీతల వరుస) ఉంటుంది. పియానో లాంటి రెండు స్టాఫ్‌ల రచనలో, గాయక బృందానికి వాద్య సహకారం కలిసిన కాగితంలో, కండక్టర్ చూసే పూర్తి స్కోరులో మాత్రమే ఇది తలెత్తుతుంది. విడి పార్టులే అచ్చు వేసి పంచేవారు దీని కోసం సాఫ్ట్‌వేర్ మార్చనక్కరలేదు.

పూర్తి స్కోరులో కూడా అన్ని గ్రేస్ నోట్లనూ ఒకే నిలువు గీత మీదికి తేవడం ఎప్పుడూ సరైనది కాదు. 18వ శతాబ్దపు సంగీతంలో గీత కొట్టని పొడవు అపోజియాతురా సరిగ్గా తాళం మీద మొదలై, ప్రధాన స్వరం నుంచి కొంత కాలం, తరచుగా సగం, తీసుకుంటుంది. గీత కొట్టిన అచ్చాకాతురాను తర్వాతి కాలపు సంగీతంలో ఎక్కువగా తాళానికి ముందే విదిలించినట్టు వాయిస్తారు. ఒక స్టాఫ్‌లో మొదటి రకం, మరో స్టాఫ్‌లో రెండో రకం ఉన్నప్పుడు వాటిని ఒకే వరుసలో నిలబెడితే అవి కలిసి మోగాలని కండక్టర్ అనుకుంటాడు. కలిసి మోగేవి కలిసి నిలవాలి. మిగతా వాటిని మర్యాదగా విడివిడిగా వదిలేయవచ్చు. ఈ నిర్ణయం సాఫ్ట్‌వేర్ మీ తరఫున తీసుకోజాలదు.

లిలీపాండ్: కాలాన్ని లెక్కగట్టే పద్ధతి

హాన్-వెన్ నీన్‌హాయిస్, యాన్ నీవెన్‌హాయిజెన్ 1996లో మొదలుపెట్టిన లిలీపాండ్ పూర్తిగా ఉచితం, గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగం. ఇందులో మౌస్‌తో స్వరాలు పెట్టడం ఉండదు. సంగీతాన్ని అక్షరాల్లో టైపు చేస్తే అది కాగితంగా కూర్చి ఇస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫ్రెస్కోబాల్డి అనే ఎడిటర్‌ను జతచేసుకుంటే పని కాస్త సుఖంగా సాగుతుంది.

గ్రేస్ నోట్ల విషయంలో ఇతర సాఫ్ట్‌వేర్ల కంటే దీని దారి వేరు. ఇక్కడ ప్రతి క్షణానికీ రెండు భాగాలు ఉంటాయి. ఒకటి ప్రధాన కాలం, రెండోది గ్రేస్ కాలం. అయిదో బార్ మొదలుకు ముందు రెండు పదహారో వంతు గ్రేస్ నోట్లు రాస్తే, మొదటిది ఆ క్షణానికి ఎనిమిదో వంతు వెనక, రెండోది పదహారో వంతు వెనక ఉన్నట్టు లెక్క. ఆ వెనక కాలం అన్ని స్టాఫ్‌లకూ ఉమ్మడి. అందుకే ఇక్కడ వరుసను నిర్ణయించేది గ్రేస్ నోట్ల సంఖ్య కాదు, వాటి విలువ. మొదటి వయొలిన్‌కు రెండు పదహారో వంతులు, రెండో వయొలిన్‌కు ఒక ఎనిమిదో వంతు ఉంటే, రెండో వయొలిన్ గ్రేస్ నోటు మొదటి వయొలిన్ తొలి గ్రేస్ నోటు కింద నిలుస్తుంది. అది ఆఖరి గ్రేస్ నోటు కింద రావాలంటే ఎనిమిదో వంతుగానే కనిపించేలా రాసి, దాని విలువను సగంతో గుణించాలి. అప్పుడు చూపుకు ఎనిమిదో వంతు, లెక్కకు పదహారో వంతు. లిలీపాండ్‌లో ఇది ఒక్క చిన్న గుణకంతో అయిపోతుంది. వేరే చోట ఇదే పనికి స్వరాన్ని చేత్తో పట్టి లాగాల్సి వస్తుంది.

ఇంత తర్కబద్ధంగా ఉన్న పద్ధతిలో ఒక పెద్ద గుంట కూడా ఉంది, కొత్తవాళ్లు దాదాపు అందరూ అందులో పడతారు. గ్రేస్ నోట్లు లేని స్టాఫ్‌కు ఆ వెనక కాలం గురించి తెలియదు. చెలోలో క్లెఫ్ మార్పు రాస్తే, అది అయిదో బార్ అసలు క్షణంలో, అంటే వయొలిన్ గ్రేస్ నోట్లు అయిపోయాక జరిగినట్టు లెక్కకు వస్తుంది. ఫలితంగా క్లెఫ్ తప్పు చోట అచ్చవుతుంది. కీ సిగ్నేచర్ (ఏ స్వరాలు షార్ప్, ఏవి ఫ్లాట్ అని ముందే చెప్పే గుర్తుల వరుస), చేత్తో పెట్టిన జంట బార్‌లైన్ కూడా ఇలాగే ఒక స్టాఫ్‌లో ఎడమకు, మరో స్టాఫ్‌లో కుడికి పడతాయి. ఈ లోపం ఎప్పటి నుంచో ఉంది, అధికారిక కరదీపికలోనే దాన్ని ఒప్పుకుని మందు రాసిపెట్టారు. గ్రేస్ నోట్లు లేని స్టాఫ్‌లలో కూడా అదే విలువకు కనబడని గ్రేస్ ఖాళీని పెట్టాలి. వయొలిన్‌లో మొత్తం ఎనిమిదో వంతు గ్రేస్ ఉంటే చెలోలోనూ ఎనిమిదో వంతు కనబడని గ్రేస్.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. కనబడే స్టాఫ్‌లో అచ్చాకాతురా ఆదేశం వాడినా, కనబడని ఖాళీకి మామూలు గ్రేస్ ఆదేశాన్నే వాడాలి. అచ్చాకాతురాతో ఖాళీ పెడితే, లేని స్వరం నుంచి తర్వాతి స్వరానికి ఒక స్లర్ (స్వరాలను కలిపే వంపు గీత) ముక్క అనాథలా వేలాడుతుంది.

పెద్ద స్కోరులో ప్రతి స్టాఫ్‌లోనూ ఈ ఖాళీలు పెట్టుకుంటూ పోవడం విసుగు పుట్టిస్తుంది. దీనికి తేలికైన దారి ఏమిటంటే, కీ సిగ్నేచర్లు, టైమ్ సిగ్నేచర్లు, జంట బార్‌లైన్లు అన్నీ ఒకే ఉమ్మడి చరరాశిలో (పేరు పెట్టి దాచుకునే రాత ముక్కలో) రాసుకుని, అందులోనే ఆయా మార్పుల తర్వాత గ్రేస్ ఖాళీలు కూడా పెట్టి, ఆ చరరాశిని అన్ని స్టాఫ్‌లకూ సమాంతరంగా జోడించడం. మార్పులన్నీ అప్పుడు ఒకే క్షణంలో జరుగుతాయి. క్లెఫ్ మార్పులు మాత్రం ఏ స్టాఫ్‌వి ఆ స్టాఫ్‌కే కాబట్టి వాటి పక్కన ఖాళీని విడిగా పెట్టక తప్పదు. రచన గ్రేస్ నోటుతోనే మొదలైతే వాయిస్‌ను (స్టాఫ్‌లోని స్వరాల ధారను) స్పష్టంగా ప్రకటించండి. లేకపోతే గ్రేస్ నోటు ఒక స్టాఫ్‌లోనూ, ప్రధాన స్వరం మరో స్టాఫ్‌లోనూ ప్రత్యక్షమవుతాయి.

ఎడం సంగతి కూడా ఉంది. వయొలిన్ గ్రేస్ నోట్లకు చోటు ఇవ్వడానికి కింద చెలోలో పరుగెత్తుతున్న పదహారో వంతుల మధ్య హఠాత్తుగా ఖాళీ వస్తుంది. చదివే కన్ను అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. స్పేసింగ్ స్పానర్‌లో స్ట్రిక్ట్ గ్రేస్ స్పేసింగ్ అనే ఐచ్ఛికాన్ని తెరిస్తే ప్రధాన స్వరాల ఎడం సమంగా ఉండి, గ్రేస్ నోట్లు వాటికి ఎడమ పక్కన తేలినట్టు ఇముడుతాయి. గ్రేస్ నోట్లు ఒకటి రెండుగా వచ్చే రచనలకు ఇది చక్కని ఉపాయం. నాలుగైదు గ్రేస్ నోట్ల గుంపులు ఉంటే వాడకండి, పక్క స్వరాలతో గుద్దుకుంటాయి.

ట్రిల్ (పక్క స్వరంతో వేగంగా మార్చి మార్చి వాయించడం) చివర వచ్చే ముక్తాయింపు గ్రేస్ నోట్లకు ఆఫ్టర్ గ్రేస్ అనే వేరే ఆదేశం ఉంది. దాని లెక్క తెలియకపోతే పార్టుల మధ్య వరుస తప్పుతుంది. మామూలుగా అది ప్రధాన స్వరం విలువలో నాలుగింట మూడు వంతుల దగ్గర గ్రేస్ నోట్లను పెడుతుంది. మొదటి వయొలిన్‌కు నాలుగు క్రాచెట్ల (పావు స్వరాల) పూర్తి స్వరం మీద ట్రిల్ ఉంటే ముక్తాయింపు మూడు క్రాచెట్లు గడిచాక వస్తుంది. రెండో వయొలిన్ అదే బార్‌లో రెండు అర స్వరాలు వాయిస్తూ రెండోదాని మీద ట్రిల్ చేస్తే దాని ముక్తాయింపు మూడున్నర క్రాచెట్ల దగ్గర పడుతుంది. రెండూ కలవవు. రెండోదానికి భిన్నాన్ని సగానికి మారిస్తే అదీ మూడు క్రాచెట్ల దగ్గరకే వచ్చి కలుస్తుంది. ఈ లెక్క ఒకసారి ఒంటబట్టిందంటే లిలీపాండ్ మీకు సరిపోయిందని అర్థం. చదువుతూనే తల తిరిగితే కింది విభాగానికి వెళ్లండి.

మ్యూజ్‌స్కోర్: ఎక్కువ మందికి ఇదే చాలు

మ్యూజ్‌స్కోర్ కూడా ఉచితమే, లినక్స్‌తో సహా మూడు వేదికల మీదా నడుస్తుంది. 2022 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్‌తో అడ్డ ఎడం వేసే విధానాన్ని తిరగరాశారు. ఇప్పుడు దీని పేరు మ్యూజ్‌స్కోర్ స్టూడియో. పాత మూడో వెర్షన్ చూసి పెదవి విరిచినవారు మళ్లీ ఒకసారి తెరిచి చూడాలి.

ఇక్కడ గ్రేస్ నోటు ప్రధాన స్వరానికి తగిలించిన వస్తువు. స్వరాన్ని ఎంచుకుని పాలెట్‌లో కావలసిన రకం నొక్కితే దాని ఎడమన చిన్న స్వరం పుడుతుంది. ముందు వచ్చేవి, తర్వాత వచ్చేవి విడివిడిగా ఉంటాయి, కాబట్టి ట్రిల్ ముక్తాయింపులకు దారి వెతుక్కోనక్కరలేదు. గ్రేస్ స్వరాల పరిమాణం మామూలుగా 70 శాతం, స్టైల్‌లో మార్చుకోవచ్చు. చెలోలో గ్రేస్ ఖాళీ పెట్టడం లాంటి గొడవ లేదు. క్లెఫ్ గాని, కీ సిగ్నేచర్ గాని గ్రేస్ నోట్ల వల్ల తప్పు చోటికి వెళ్లవు. లిలీపాండ్ నుంచి వచ్చినవారికి ఈ ఒక్క విషయమే పెద్ద ఊరట.

దీనికి చెల్లించే మూల్యం వేరు. గ్రేస్ నోటుకు సొంత కాలం లేదు కాబట్టి, రెండు స్టాఫ్‌లలోని గ్రేస్ నోట్లు ఒకే క్షణానివి అని చెప్పడానికి సూటి మార్గం లేదు. రెండు స్టాఫ్‌లలో ఒకే సంఖ్యలో, ఒకే విలువతో, ముందు షార్ప్, ఫ్లాట్ గుర్తులు లేకుండా ఉంటే ప్రధాన స్వరం నుంచి ఎడమకు లెక్కేసుకుంటూ వెళ్లి అవి కలిసినట్టే కనిపిస్తాయి. ఒక స్టాఫ్‌లో ఫ్లాట్ చేరినా, రెండుకు ఎదురుగా ఒకటి వచ్చినా మీ కంటితో చూసి తేల్చుకోవాలి. అప్పుడు రెండు దారులు ఉన్నాయి. కొద్దిపాటి తేడా అయితే ప్రాపర్టీస్‌లో అడ్డ ఆఫ్‌సెట్ మార్చి జరపండి. సంఖ్యలోనే తేడా ఉంటే, తక్కువ ఉన్న స్టాఫ్‌లో మరో గ్రేస్ నోటు చేర్చి, దాన్ని కనబడకుండా చేసి, మోగకుండా ఆపండి. ఆ దాచిన స్వరం చోటును పట్టి ఉంచుతుంది.

రెండో దారికి ఒక హెచ్చరిక. దాచిన స్వరాలు ఫైలులో ఉంటూనే ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత ఆ స్కోరును వేరే శ్రుతికి మార్చినప్పుడో, ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి పంపినప్పుడో అవి మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. ఎక్కడెక్కడ దాచారో ఒక చోట రాసి పెట్టుకోండి. చేత్తో ఆఫ్‌సెట్ ఇవ్వడం పేజీ కూర్పు పూర్తయ్యాకే చేయండి. ముందే చేస్తే, బార్లు వరుసలు మారినప్పుడు మీరు పడ్డ శ్రమ వింత ఖాళీలుగా మిగులుతుంది.

పది పేజీల లోపు రచనలు, పాఠశాల వాద్యబృందాలు, చర్చి గాయక బృందాలు, పియానో విద్యార్థులకు రాసే ఉపాధ్యాయులు వేరే దేనికోసమూ చూడనక్కరలేదని నా అభిప్రాయం. ఈ పనుల్లో వరుస తప్పే సందర్భాలు వేళ్ల మీద లెక్కించేటన్ని ఉంటాయి, చేత్తో సర్దడం గంట పని.

డోరికో: డబ్బు పెట్టగలిగితే

లండన్‌లో సిబేలియస్ అనే నోటేషన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన బృందాన్ని 2012లో తొలగించాక, వారిలో ఎక్కువ మందిని స్టైన్‌బర్గ్ సంస్థ తీసుకుంది. డేనియల్ స్ప్రెడ్‌బరీ ముందుండగా వారు తయారుచేసిన డోరికో 2016 అక్టోబరులో విడుదలైంది. పాత కోడు బరువు లేకుండా మొదటి నుంచి రాశారు కాబట్టి, సంగీతాన్ని అచ్చుకు కూర్చే నియమాలు దీని పునాదిలోనే ఉన్నాయి.

ఒకే చోట అనేక స్టాఫ్‌లలో వచ్చే గ్రేస్ నోట్లను డోరికో ప్రధాన స్వరానికి దగ్గరగా ఉన్న కుడి కొస నుంచి వరుస కడుతుంది. రెండుకు ఎదురుగా ఒకటి ఉంటే ఆ ఒకటి రెండోదాని కింద నిలుస్తుంది. చాలా రచనలకు కావలసింది ఇదే. గుర్తుంచుకోండి, లిలీపాండ్‌లో ఎనిమిదో వంతుకు ఎదురుగా రెండు పదహారో వంతులు ఉంటే ఫలితం దీనికి సరిగ్గా విరుద్ధం. ఒక దాని నుంచి ఇంకో దానికి మారేవారు ఇక్కడే ఆశ్చర్యపోతారు. రెంటిలో ఏదీ తప్పు కాదు. ఒకటి విలువను నమ్ముతుంది, రెండోది దగ్గరితనాన్ని నమ్ముతుంది.

బార్‌లైన్‌కు ముందు గ్రేస్ నోట్లు కనబడాలంటే ప్రాపర్టీస్‌లో ఒక మీట ఉంది. ట్రిల్ ముక్తాయింపులకు కూడా దాన్నే వాడతారు. వాటిని తర్వాతి స్వరానికి చెందినవిగా ఎక్కించి, బార్‌లైన్‌కు ముందు చూపించమని చెప్పాలి. ఒక స్టాఫ్‌లో మీట వేసి మరో దానిలో మరిచిపోతే ఒకటి గీతకు ఇటూ, ఒకటి అటూ పడతాయి. వరుస తప్పిందని సాఫ్ట్‌వేర్‌ను తిట్టే ముందు ఈ మీట చూసుకోండి.

చేత్తో సవరించే పనిముట్లు పూర్తిగా కావాలంటే ప్రో కొనాలి. ఉచితంగా దొరికే ఎస్ఈ, మధ్య మెట్టు ఎలిమెంట్స్ నేర్చుకోవడానికి, మామూలు పనికి బాగానే ఉంటాయి గాని, నోట్ స్పేసింగ్‌ను స్వరం స్వరంగా సర్దే అధికారం ప్రోలోనే. లినక్స్‌లో నడవదు. ఆర్కెస్ట్రా స్కోరు రాసి, దాని నుంచి ఇరవై ముప్పై పార్టులు తీసి, కచేరీ ముందు రోజు ఒక బార్ మార్చినా అన్నీ కలిసి మారాలని కోరుకునే వృత్తి అరేంజర్‌కు ఈ ఖర్చు తిరిగి వస్తుంది. ఏడాదికి రెండు పాటలు రాసేవారికి రాదు.

సిబేలియస్, ఫినాలే సంగతి

సిబేలియస్ ఇప్పటికే చేతిలో ఉండి, వేళ్లకు అలవాటై ఉంటే గ్రేస్ నోట్ల కోసమే దాన్ని వదలనక్కరలేదు. నోట్ స్పేసింగ్ నియమంలో గ్రేస్ నోట్ల చుట్టూ ఎంత చోటు వదలాలి, ఆఖరి గ్రేస్ నోటు తర్వాత అదనంగా ఎంత ఉండాలి అని చెప్పే గడులు ఉన్నాయి. వాటిని సర్ది, స్పేసింగ్ రీసెట్ చేస్తే సగం పని అయిపోతుంది. మిగిలింది షిఫ్ట్, ఆల్ట్ నొక్కి పట్టుకుని బాణం మీటలతో జరపడమే. రీసెట్ తర్వాతే జరపండి. ముందు జరిపితే రీసెట్ దాన్ని తుడిచేస్తుంది. కొత్తగా ఎంచుకునేవారికి మాత్రం దీన్ని సూచించడానికి నాకు గట్టి కారణం కనబడదు.

ఫినాలేను కొత్తగా ఎంచుకునే ప్రశ్నే లేదు. 1988 నుంచి ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని ఆపేస్తున్నట్టు మేక్‌మ్యూజిక్ సంస్థ 2024 ఆగస్టులో ప్రకటించింది, వాడుకదారులకు డోరికో వైపు దారి చూపింది. పాత ఫైళ్లు ఉన్నవారు అది తమ కంప్యూటర్‌లో ఇంకా తెరుచుకుంటుండగానే ప్రతి స్కోరునూ మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌గా (నోటేషన్ సాఫ్ట్‌వేర్లు ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి ఫైలు రూపం), దాంతో పాటు పీడీఎఫ్‌గా కూడా తీసి దాచుకోవాలి. పీడీఎఫ్ ఎందుకంటే, మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌లో గ్రేస్ నోటుకు కాలవ్యవధి ఉండదు. అది ఏ స్వరానికి ముందు ఏ క్రమంలో వస్తుంది, గీత కొట్టి ఉందా లేదా అన్నంత వరకే నమ్మకంగా చేరుతుంది. మీరు చేత్తో జరిపిన సర్దుబాట్లు సాధారణంగా వెంట రావు. కొత్త చోట మళ్లీ సర్దేటప్పుడు పాత అచ్చు ఎలా ఉందో చూసుకోవడానికి ఆ పీడీఎఫ్ పనికొస్తుంది.

ఈ మార్పిడి కోణం కొత్తగా ఎంచుకునేవారికీ ముఖ్యమే. మ్యూజ్‌స్కోర్, డోరికో, సిబేలియస్ మూడూ మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌ను చదువుతాయి, రాస్తాయి. లిలీపాండ్‌తో పాటు వచ్చే మార్పిడి పనిముట్టు ఆ ఫైళ్లను లోపలికి తెస్తుంది గాని, లిలీపాండ్ నుంచి బయటికి వెళ్లే దారి ఇరుకు. ఇతరులతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవాల్సిన పనిలో ఉంటే, అది ఎంత అందంగా కూర్చినా మీకు నప్పదు.

కృతులను స్టాఫ్ మీదికి తెచ్చేవారికి

మన వైపు ఈ సమస్య ఇంకాస్త ముదురుతుంది. కర్ణాటక కృతులను స్టాఫ్ నోటేషన్‌లో అచ్చు వేయడం కొత్త సంగతి కాదు, 1890ల్లోనే మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ ఆ పనికి పూనుకున్నారు. 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని మరో దారి పట్టింది. అందులో స్వరాక్షరాలకు గమక చిహ్నాలు జోడించారు. ఒక్క వరుసగా సాగే ఆ లిపిలో పార్టుల మధ్య వరుస కలపడం అనే ప్రశ్నే రాదు. అదే కృతిని ఇప్పుడు నలుగురు తంత్రీ వాద్యకారులకు పంచి రాస్తే వస్తుంది.

కంపితాన్ని, అంటే స్వరాన్ని ఊపే గమకాన్ని, గ్రేస్ నోట్లతో రాయబోవడం వృథా. స్ఫురితానికి మాత్రం గ్రేస్ నోటు చక్కగా అతుకుతుంది. జంట వరుసల్లో సస రిరి గగ మమ అని ఎక్కేటప్పుడు ప్రతి జంటలోని రెండో స్వరాన్ని కింది స్వరం తాకుతూ పలికిస్తారు. మాయామాళవగౌళలో, షడ్జమాన్ని సి గా పెట్టుకుంటే, రెండో రి ముందు సి, రెండో గ ముందు డి ఫ్లాట్ గ్రేస్ నోట్లుగా వస్తాయి. ఈ రాగపు శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం రెండు మాత్రమే ఫ్లాట్‌గా ఉన్న పాశ్చాత్య కీ సిగ్నేచర్ మామూలు వాడుకలో లేదు, కాబట్టి ఫ్లాట్ గుర్తులు స్వరాల పక్కనే వచ్చి చేరతాయి. మొదటి వయొలిన్ గ్రేస్ నోటుకు ఫ్లాట్ ఉండి, అదే సమయంలో వయోలా గ్రేస్ నోటుకు లేకపోతే వరుస పక్కకు తప్పే పరిస్థితి ప్రతి బార్‌లోనూ తయారవుతుంది.

చేత్తో జరుపుతూ కూర్చునే బదులు ఇక్కడ కీ సిగ్నేచర్‌నే మార్చండి. లిలీపాండ్, మ్యూజ్‌స్కోర్, డోరికో మూడింటిలోనూ సొంత కీ సిగ్నేచర్ తయారుచేసుకునే వీలుంది. డి, ఏ లకు మాత్రమే ఫ్లాట్లు ఉన్న కీ సిగ్నేచర్ ఒకటి పెట్టుకుంటే స్వరాల ముందున్న గుర్తులు దాదాపు మాయమవుతాయి, గ్రేస్ నోట్లు వాటంతట అవే వరుసకు వస్తాయి. పాశ్చాత్య శిక్షణ ఉన్న వాద్యకారులు మొదట ముఖం చిట్లిస్తారు. మొదటి పేజీలో ఒక్క వాక్యం వివరణగా రాస్తే సర్దుకుంటారు.

సాహిత్యం కూడా తెలుగు లిపిలో కింద రాసేవారికి మరో విషయం. లిలీపాండ్ యూనికోడ్ తెలుగును అచ్చు వేస్తుంది, గ్రేస్ నోట్లకు అక్షరాలు కేటాయించకుండా తనంత తానే దాటేస్తుంది, కావాలంటే ఆ అలవాటు మార్చవచ్చు. మిగతా వాటిలోనూ తెలుగు వస్తుంది గాని, ఒత్తులు, గుణింతాలు పీడీఎఫ్‌లో సరిగ్గా దిగాయో లేదో ఎంచుకున్న ఫాంటుతో ఒకసారి చూసుకోవడం మంచిది.

కొనే ముందు ఒక పేజీ పరీక్ష

ఎవరి మాటా వినకుండా మీరే తేల్చుకోవాలంటే నాలుగు స్టాఫ్‌లు, అయిదు బార్ల స్కోరు ఒకటి తయారుచేయండి. మొదటి బార్‌లో అన్ని స్టాఫ్‌లకూ ఒక్కో గ్రేస్ నోటు. రెండో దానిలో రెండుకు ఎదురుగా ఒకటి. మూడో దానిలో ఒక గ్రేస్ నోటుకు, వేరే స్టాఫ్‌లో ఒక ప్రధాన స్వరానికి ఫ్లాట్ గుర్తులు. నాలుగో బార్ మొదట్లో కీ సిగ్నేచర్ మార్పు, పై స్టాఫ్‌లో గ్రేస్ నోట్లు, కింది స్టాఫ్‌లో క్లెఫ్ మార్పు, మధ్యలో ఒక స్టాఫ్ పదహారో వంతులతో పరుగెత్తాలి. అయిదో దానిలో వేర్వేరు పొడవుల స్వరాల మీద ట్రిల్లు, ముక్తాయింపులు.

దీన్ని మ్యూజ్‌స్కోర్‌లోనూ, డోరికో ఉచిత మెట్టులోనూ ఎక్కించండి, టైపు చేసే ఓపిక ఉంటే లిలీపాండ్‌లోనూ. ఏ సర్దుబాటూ చేయకుండా మూడింటినీ కాగితం మీద అచ్చు తీసి పక్కపక్కన పెట్టండి. తెర మీద పెద్దది చేసి చూస్తే అన్నీ తప్పుగానే కనబడతాయి. కండక్టర్ చూసేది చేయి చాపినంత దూరంలో ఉన్న కాగితాన్ని. ఆ దూరం నుంచి మొదటి మూడు బార్లలో ఇబ్బంది కనబడకపోతే మ్యూజ్‌స్కోర్‌తో ఆగిపోవచ్చు. మీ రచనల్లో నాలుగో బార్ లాంటివి పేజీకి ఒకటి వస్తుంటే డోరికో ప్రోకు డబ్బు కూడబెట్టండి, లేదా లిలీపాండ్‌లో ఉమ్మడి చరరాశి పద్ధతి నేర్చుకోండి. అయిదో బార్ మీకు తరచుగా వచ్చేదైతే, అంటే బరోక్ సంగీతం ఎక్కువగా రాసేవారైతే, ముక్తాయింపు ఎక్కడ పడాలో భిన్నంతో చెప్పగలిగే లిలీపాండ్ వైపే నేను మొగ్గుతాను.

ప్లేబ్యాక్‌లో గ్రేస్ నోట్లు ఎలా మోగుతున్నాయన్నది ఈ ఎంపికలో లెక్కలోకి తీసుకోవద్దు. తాళానికి ముందా, తాళం మీదనా అన్నది వాద్యకారులు మీరు రాసినదాన్ని చూసి, ఆ శైలి తెలిసి నిర్ణయిస్తారు. కంప్యూటర్ మోగించింది విని స్పేసింగ్ సర్దితే స్పేసింగ్ చెడుతుంది.